సైనికుడి ఉత్తరంలో యుద్ధం ఎక్కడుంటుంది?

(నల్లగొండలో చరిత్ర విద్యార్థులు, మాజీ సైనికుల కుటుంబాలు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. ముందు వరుసలో మాజీ సైనికులు కూర్చున్నారు. వాళ్ళ ముందు నేను యుద్ధం గురించి మాట్లాడటం సాహసమే. నేను తుపాకీ ఎన్నడూ పట్టలేదు. నాకు తెలిసినవల్లా పాత కాగితాలు. అందుకే ఈ రోజు కాగితాల గురించే మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. యుద్ధంలో ఉన్న సిపాయి ఇంటికి ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరంలో యుద్ధం ఉంటుందా? పిల్లలేమో ఉంటుందంటున్నారు. ముందు వరుసలో పెద్దలు నవ్వుతున్నారు. ఆ నవ్వులోనే జవాబు ఉంది. అమ్మకు ఏం రాస్తాడు? నిన్న రాత్రి పక్కనున్నవాడు చచ్చిపోయాడని రాస్తాడా? నేను క్షేమం, మీ క్షేమ సమాచారాలు తెలుపగలరు, చెల్లె పెండ్లి సంగతి ఎక్కడిదాకా వచ్చింది, బాయిలో నీళ్ళున్నాయా, యాసంగికి ఏం వేస్తున్నారు. ఇదీ ఉత్తరం. ఇందులో యుద్ధం ఎక్కడుంది? ఉంది. ఎక్కడుందో చెప్పడానికే వచ్చాను. కాస్త ఓపిక పట్టండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఒక కార్డు అచ్చు వేసింది. ఫీల్డ్ సర్వీస్ పోస్టుకార్డు అనేవాళ్ళు. దాని మీద వాక్యాలు ముందే అచ్చయి ఉంటాయి. నేను బాగానే ఉన్నాను. నన్ను ఆస్పత్రిలో చేర్చారు. మీ ఉత్తరం అందింది. వీలు చూసుకుని ఉత్తరం రాస్తాను. ఇలా ఉంటాయి. సిపాయి చేయాల్సింది ఏమిటంటే, తనకు వర్తించని వాక్యాలు కొట్టేయడం, కింద తేదీ వేసి సంతకం పెట్టడం. అంతకుమించి ఒక్క ముక్క రాసినా ఆ కార్డును చింపేస్తామని కార్డు మీదే రాసి ఉంటుంది. ఆలోచించండి. బాంబుల కింద కూర్చున్న మనిషికి ఇంటికి చెప్పుకోవడానికి మిగిలింది కొట్టివేత ఒక్కటే. అయినా ఆ కార్డు వస్తే ఇంట్లో పండగే, ఎందుకంటే సంతకం ఉంది, సంతకం మీద తేదీ ఉంది. ఆ తేదీ నాటికి మనిషి బతికున్నాడు.

మన దేశం సంగతికి వస్తాను. 1914 సెప్టెంబరు చివర్లో మన సిపాయిలు ఫ్రాన్స్‌లో మార్సెయ్ ఓడరేవులో దిగారు. ముందు లాహోర్ డివిజన్, ఆ తర్వాత అక్టోబరులో మీరట్ డివిజన్. చలికాలం వచ్చేసింది, చాలామంది ఒంటి మీద సరైన చలిబట్టలు లేవు. మొత్తం ఆ యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షల పైచిలుకు మంది వెళ్ళారు, అందులో కూలీలు, గుర్రాలు తోలేవాళ్ళు కూడా ఉన్నారు. 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. వీళ్ళలో ఎక్కువమందికి చదువు రాదు. మరి ఉత్తరాలు ఎలా రాశారు?

చెప్పి రాయించారు. కంపెనీలో చదువొచ్చినవాడు ఒకడుంటాడు, వాడి ముందు నలుగురు కూర్చుంటారు. తర్వాత ఆ ఉత్తరాన్ని రెజిమెంటులో చూస్తారు. తర్వాత బొలోన్ అనే ఊళ్ళో కూర్చున్న సెన్సారు ఆఫీసు చూస్తుంది. ఆ తర్వాత ఓడెక్కి మన దేశం వచ్చి, ఊరు చేరాక, ఇంట్లోవాళ్ళకూ చదువు రాదు కాబట్టి పోస్టుమనో బడిపంతులో పట్వారీయో గట్టిగా చదివి వినిపిస్తాడు. అరుగు మీద పదిమంది వింటారు. అంటే ఆ సిపాయి మాట భార్య చెవికి చేరేసరికి ఎంతమంది చేతులు మారింది? మీలో పాలమూరు నుంచి వచ్చినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. డ్యాములు కట్టడానికి, కాలవలు తవ్వడానికి దేశమంతా తిరిగిన మనుషుల ఉత్తరాలు కూడా ఇలాగే ఒకరు చెప్తే ఒకరు రాసినవి, ఒకరు చదివితే పదిమంది విన్నవి. పదిమంది వింటారని తెలిసినప్పుడు మనసులో మాట ఎవరు రాయిస్తారు?

ఇక్కడే ఒక విచిత్రం ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ సెన్సారు ఆఫీసుకు మొదట పెద్దగా ఉన్న అధికారి పేరు హోవెల్. ఆయన పని సిపాయిల మనసు ఎలా ఉందో కనిపెట్టడం. కొన్ని ఉత్తరాల్లోంచి ముక్కలు తీసుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చి, వారం వారం నివేదిక పంపేవాడు. ఉత్తరాలు ఊళ్ళకు పోయాయి. ఊళ్ళలో ఏమయ్యాయి? చెదలు తిన్నాయి, వానకు తడిశాయి, పొయ్యిలోకి పోయాయి. ఆ నివేదికలు మాత్రం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నిఘా పెట్టినవాడి దస్త్రం వల్లనే ఆ సిపాయిల మాట మనకు మిగిలింది. అదీ సగం మాట. వాళ్ళ సొంత భాష పోయింది, ఇంగ్లిష్ మిగిలింది. ఉత్తరం పోయింది, అందులోంచి సెన్సారు ఏరుకున్న ముక్క మిగిలింది. బాయి గురించి, ఎడ్ల గురించి రాసినదాంట్లో ఆయనకు పనికొచ్చేది ఏముంది? చాలావరకు వదిలేసి ఉంటాడు. కాబట్టి ఆ నివేదికలు చదివి, సిపాయిలు ఎప్పుడూ యుద్ధం గురించే రాసేవాళ్ళు అనుకుంటే బోల్తా పడతాం.

అయితే ఆ ముక్కల్లో ఏముంది? 1915 జనవరిలో గాయపడిన ఒక సిపాయి ఇంటికి రాయించాడు, ఇది యుద్ధం కాదు, ప్రపంచం అంతమైపోవడమే, మన పూర్వీకుల మహాభారతంలో చెప్పినట్టే ఉందని. ఇంకొకరు ఫిరంగి గుండు పేలితే మనిషి ముల్లంగిలాంటి దుంపను తరిగినట్టు ముక్కలైపోతాడని రాశారు. ఇంకొక ఉత్తరంలో భాద్రపదంలో అలసిన ఎడ్లు పడుకున్నట్టు ఈ లోకం పడుకుని ఉందని ఉంది. చూశారా, వీళ్ళంతా రైతు బిడ్డలు. ఫిరంగి పేలుడు గురించి చెప్పాలంటే వాళ్ళ దగ్గరున్నది పొలం మాటే. ఆ మాట ఏ జనరల్ రిపోర్టులోనూ దొరకదు. రిపోర్టులో ఇంతమంది చనిపోయారు, ఇన్ని గజాలు ముందుకు వెళ్ళాం అని ఉంటుంది.

నాకు వీటన్నిటిలో బాగా పట్టుకున్నది ఒకటుంది. ఆ రోజుల్లో గాయపడినవాణ్ణి ఆస్పత్రిలో నయం చేసి మళ్ళీ కందకాల్లోకి పంపేవాళ్ళు. సిపాయిల లెక్క వేరు. ఒకసారి గాయపడ్డామంటే మా బాకీ తీరిపోయింది, ఇంటికి పంపాలి కదా అని వాళ్ళు అనుకున్నారు. పంపలేదు. దాని మీద ఒక సిపాయి రాయించాడు, ఒకసారి వేయించిన గింజను రెండోసారి మంగలంలో వేస్తే ఇక దానిలో ప్రాణం ఉండదు అని. 1915లో మన సిపాయిల ధైర్యం ఎందుకు సడలిందని చరిత్రకారులు చాలా పేజీలు రాశారు. ఆ గింజ మాటలో అదంతా ఉంది. ఇలాంటి ఉత్తరాలు చాలావరకు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? ఆస్పత్రి నుంచి. ఇంగ్లండ్‌లో బ్రైటన్ అనే ఊళ్ళో రాజుగారి పాత ప్యాలెస్‌ను మన సిపాయిలకు ఆస్పత్రి చేశారు. అక్కడ మంచం ఉంది, తీరిక ఉంది, నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. కందకంలో ఉన్నవాడు క్షేమం అని రాస్తాడు. మంచం మీద పడుకున్నవాడు జరిగింది రాస్తాడు. చరిత్ర విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. ఉత్తరం ఎప్పుడు రాశాడో చూసినట్టే ఎక్కడ కూర్చుని రాశాడో కూడా చూడాలి.

సెన్సారును తప్పించుకోవడానికి సిపాయిలు రహస్య భాష కూడా వాడారు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అని రాసేవాళ్ళు. నల్ల మిరియాలంటే మన సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సిపాయిలు. సెన్సారు అంత అమాయకుడా? మొదటి ఉత్తరంతోనే అర్థమై ఉంటుంది. ఇంకో సంగతి. హోవెల్ ఒక నివేదికలో సిపాయిల ఉత్తరాల్లో ఈ మధ్య కవిత్వం ఎక్కువవుతోంది, ఇది మంచి సూచన కాదు, మనసులు కలత పడుతున్నాయనడానికి గుర్తు అని రాశాడు. ఇక్కడ కవులు ఎవరైనా ఉన్నారా? ఉంటే జాగ్రత్త, మీ మీద కూడా నివేదిక వెళ్తుంది.

1915 మార్చి 10న ఫ్రాన్స్‌లో నూవ్ షాపెల్ అనే ఊరి దగ్గర దాడి. మన సిపాయిల పేరు పెద్దగా వినపడిన యుద్ధం అది. ఇప్పుడు అక్కడ మనవాళ్ళ స్మారకం ఉంది, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా పేర్లు దాని మీద చెక్కారు. ఆ నెల ఉత్తరాలు చదివితే ఒకే ఇంట్లోని అన్నదమ్ములకు కూడా రెండు రకాలుగా రాశారని తెలుస్తుంది. సైన్యంలో ఉన్న తమ్ముడికి నిజం రాస్తారు. ఇంటిదగ్గరున్న తండ్రికి సర్కారు గెలుస్తోందని రాస్తారు. ఎవరికి రాశారన్నది అంత ముఖ్యం.

ఇప్పుడు మీరడుగుతారు, వీటిలో తెలుగు ఉత్తరాలు ఏవి సార్ అని. దాదాపు లేవు. కారణం ఉంది. అప్పటికే ఇంగ్లిష్ వాళ్ళు ఫలానా జాతులే యుద్ధానికి పనికొస్తాయి, దక్షిణాది వాళ్ళు పనికిరారు అనే లెక్కలు వేసి తెలుగువాళ్ళను పటాలాల్లోకి తీసుకోవడం బాగా తగ్గించేశారు. మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీర్ల పటాలంలాంటి కొన్ని చోట్ల మాత్రం మిగిలారు. ఇక మన నల్లగొండ, పాలమూరు అప్పుడు నిజాం రాజ్యం. హైదరాబాద్ లాన్సర్స్ అనే నిజాం గుర్రపు దళం ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్ళింది. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలి చూసినవాళ్ళు ఎంతమంది? అక్కడున్న మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ సవారుదే, మిగతావి జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళవి. పేరు తెలుసు, విగ్రహం తెలుసు, వాళ్ళు ఇంటికి ఏం రాశారో మాత్రం మన చేతిలో లేదు.

నిజాం రాజ్యంలో ఉత్తరం సంగతే వేరు. మన స్టాంపులు వేరు, అవి నిజాం సరిహద్దు దాటితే చెల్లవు. ఇది 1950 ఏప్రిల్ 1 దాకా నడిచింది. డబ్బు కూడా వేరు. బ్రిటిష్ సైన్యంలో ఉన్నవాడికి జీతం కల్దార్ రూపాయల్లో, అంటే బ్రిటిష్ రూపాయల్లో, ఇంట్లో ఖర్చు నిజాం హాలీ సిక్కాల్లో. కల్దార్ ఆరు రూపాయలంటే హాలీ ఏడు. ఇక చదువుకున్న కొద్దిమందిలో చాలామంది ఉర్దూలో చదువుకున్నారు. రాజ్యం మొత్తం మీద చదువొచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు. అంటే నల్లగొండ బిడ్డ మనసులో తెలుగు, రాసేవాడి చేతిలో ఉర్దూ, ఇంట్లో పట్వారీ మళ్ళీ తెలుగులో చెప్పాలి. అందుకే మీ ఇంట్లో పాత సందుగలో ఉర్దూ ఉత్తరం దొరికితే, ఇది మనది కాదని పారేయకండి. అది మీ తాతదే కావచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం గురించి రెండు ముక్కలే చెప్తాను. ఈసారి ఇంగ్లిష్ వాళ్ళకు మనుషులు కావాలి, దక్షిణాది వాళ్ళను మళ్ళీ పెద్దఎత్తున చేర్చుకున్నారు. మొత్తం భారత సైన్యం 25 లక్షలకు చేరింది. ఉత్తరాలను ఫొటో తీసి, ఆ ఫిల్మును విమానంలో పంపి, అవతల మళ్ళీ కాగితం మీద అచ్చు తీసే ఎయిర్‌గ్రాఫ్ పద్ధతి 1941లో వచ్చింది. ఈ యుద్ధంలో తిరగబడినట్టు కనపడే సంగతి ఒకటుంది. ముందు ఊరు సిపాయి కోసం భయపడేది. 1943లో సిపాయి ఊరి కోసం భయపడ్డాడు. బెంగాల్ కరువు, మిగతా చోట్ల మండిపోతున్న ధరలు. ఎక్కడో దూరదేశంలో యుద్ధం చేస్తున్నవాడు ఇంటికి రాసిన ఉత్తరంలో బియ్యం దొరుకుతున్నాయా అని అడుగుతాడు. సెన్సారు నివేదికల్లో ఇది మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. కడుపు నిండా తింటున్నందుకు సిగ్గుపడుతున్న సిపాయి, ఇంట్లో ఏం తింటున్నారో తెలియని సిపాయి. ఇది యుద్ధ అనుభవం కాదంటారా?

సరే, ఇక మన జిల్లాకే వస్తాను. దేవరకొండ వైపు ఒక ఊళ్ళో ఒక కుటుంబం నాకు ఉత్తరాల కట్ట చూపించింది. పేర్లు చెప్పను, వాళ్ళు చెప్పొద్దన్నారు. ఆయన సైన్యంలో ఇంజినీర్ల యూనిట్‌లో ఉండేవాడు. 1971లో తూర్పు వైపు ఉన్నాడు. అన్నీ నీలం రంగు ఇన్లాండు ఉత్తరాలు. నేను తేదీల వరస ప్రకారం పేర్చుకుని కూర్చున్నాను. అక్టోబరు, నవంబరు ఉత్తరాల్లో అంతా ఇల్లే. బాయి పూడిక తీశారా, ఎర్ర ఎద్దు అమ్మొద్దు, చెల్లెకు వచ్చిన సంబంధం వాళ్ళు ఏమంటున్నారు, మనియార్డరు అందిందా. ఇక్కడి నదులు కృష్ణ కంటే వెడల్పుగా ఉన్నాయని ఒక చోట ఉంది. పిల్లలూ, వంతెనలు కట్టే యూనిట్‌లో ఉన్నవాడు నది వెడల్పు గురించి రాస్తే అది వట్టి ఊసుపోక రాసిన మాట కాదు. ఆ నదులు దాటించడమే వాళ్ళ పని.

తర్వాత ఉత్తరాలు లేవు. డిసెంబరు 3న యుద్ధం మొదలై తూర్పు వైపు 16న ముగిసింది. ఆ రోజుల్లో ఒక్క ఉత్తరం లేదు. దాని తర్వాత నాలుగు లైన్ల ఉత్తరం ఒకటి వచ్చింది. క్షేమం, లడాయి అయిపోయింది, రంది పెట్టుకోకండి, పైసలు పంపుతాను. అంతే. ఏమీ లేదు కదా? ఆ ఇంటివాళ్ళు కూడా అదే అన్నారు, ఇందులో ఏముంది సార్, ఏమీ రాయలేదు అని. నేను జనవరి ఉత్తరం తీశాను. అందులో తండ్రికి ఒక సంగతి రాశాడు. ఈసారి మైసమ్మకు యాటను కోయమన్నాడు. ఎందుకో లీవులో వచ్చినప్పుడు చెప్తానన్నాడు.

అర్థమైందా? అంతకుముందు ఒక్క ఉత్తరంలో కూడా మొక్కు మాట లేదు. ఆ డిసెంబరులో ఏ నది దగ్గరో, ఏ రాత్రో, బతికితే యాటను కోస్తానని ఈ మనిషి మొక్కుకున్నాడు. బతికాడు. ఇదీ యుద్ధం. ఉత్తరంలో యుద్ధం ఇలా ఉంటుంది. లీవులో వచ్చి చెప్పాడా అని అడిగాను. యాటను కోసిన సంగతి ఇంటామెకు బాగా గుర్తుంది, ఎవరెవరు వచ్చి తిన్నారో కూడా చెప్పింది. కారణం మాత్రం ఆయన చెప్పలేదట. అడిగితే, అయిపోయిందిగా అనేవాడట. ఆ యూనిట్ ఆ రెండు వారాల్లో ఏ తేదీన ఎక్కడుందో సైన్యం రాసిన దినచర్యలో ఉంటుంది. యూనిట్ వార్ డైరీ అంటారు. ఆ డైరీ, ఈ మొక్కు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ మనిషి పడింది ఏమిటో కొంతయినా అందుతుంది. డైరీలో భయం ఉండదు. ఉత్తరంలో చోటు, తేదీ సరిగా ఉండవు.

మరి ధైర్యంగా, నేరుగా యుద్ధం రాసినవాళ్ళు లేరా? ఉన్నారు. ఎక్కువగా ఆఫీసర్లు. దానికీ కారణం ఉంది. సిపాయి ఉత్తరాన్ని అతని ఆఫీసరు చదివేవాడు. ఆఫీసరు ఉత్తరాన్ని యూనిట్‌లో ఎవరూ చదవరు, నీ మాట మీద నమ్మకం అనేవాళ్ళు. ఇంగ్లిష్ కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1917 జనవరిలో తల్లికి రాసిన ఉత్తరం ఉంది. రెండు సైన్యాల మధ్య నేలలో, అడుగు, రెండడుగుల నీళ్ళు నిలిచిన గోతిలో 25 మంది కిక్కిరిసి 50 గంటలు గడిపారు. మెట్ల మీద నిలబెట్టిన కాపలా కుర్రాడు పేలుడుకు కింద పడ్డాడు, కళ్ళు పోయాయేమో అని తల్లికి రాశాడు. అదే బెటాలియన్‌లో ఒక మామూలు సిపాయి ఇది రాయగలడా? రాస్తే నల్ల సిరాతో కొట్టేస్తారు. అందుకే ఆఫీసర్ల ఉత్తరాలు పుస్తకాలయ్యాయి, సిపాయిల ఉత్తరాలు చెదల పాలయ్యాయి. మనం చదివే యుద్ధ సాహిత్యంలో ఈ పక్షపాతం ఉంది. ఇది నా ఫిర్యాదు.

ఇంతా చెప్పి ఇప్పుడు ఆఫీసర్ల ఉత్తరాల గురించే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. కార్గిల్. మేజర్ పద్మపాణి ఆచార్య, హైదరాబాద్ బిడ్డ, రెండో రాజ్‌పుతానా రైఫిల్స్. 1999 జూన్ 19న తండ్రికి రాసిన ఉత్తరం చాలామందికి తెలిసిందే. ప్రాణనష్టం గురించి బెంగ పెట్టుకోవద్దు, అది మా వృత్తిలో ఉన్నదే, మన చేతిలో లేదు అని రాశాడు. యుద్ధం చేయడం జీవితంలో ఒకసారి దక్కే గౌరవమని అమ్మకు చెప్పమన్నాడు. కడుపుతో ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. జూన్ 28న ఆయన నేలకొరిగాడు. మహావీర చక్ర ఇచ్చారు.

ఈ ఉత్తరాన్ని అందరూ వీరత్వం కోసం చదువుతారు. చదవాలి కూడా. నేను తేదీ చూస్తాను. జూన్ 19. దానికి ఆరు రోజుల ముందు, జూన్ 13న, ఇదే బెటాలియన్ తోలోలింగ్ శిఖరాన్ని పట్టుకుంది. ఆ దాడిలో మేజర్ వివేక్ గుప్తా, ఇంకా ఎందరో సహచరులు పోయారు. ప్రాణనష్టం మన చేతిలో లేదు అనే మాట వెనక ఆ ఆరు రోజులు ఉన్నాయి. టీవీలో, పేపర్లో పేర్లు చూసి తండ్రి ఎంత టెన్షన్ పడుతున్నాడో ఆయనకు తెలుసు. కాబట్టి అది వట్టి ధైర్యవచనం అనుకోకండి. ఇప్పుడే స్నేహితులను పోగొట్టుకున్న మనిషి, మళ్ళీ కొండెక్కబోతున్న మనిషి, తండ్రిని ఓదారుస్తున్నాడు. తేదీ తీసేసి చదివితే ఇది కనపడదు. అదే బెటాలియన్‌లో 22 ఏళ్ళ కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా ఆచార్య పోయిన దాడిలోనే పోయాడు. ఆయన ఉత్తరం తిరిగి రాకపోతే ఇవ్వమని వదిలి వెళ్ళింది. అందులో అవయవాలు పనికొస్తే తీసుకోమన్నాడు, ఒక చిన్న పాపకు తాను నెల నెలా ఇచ్చే 50 రూపాయలు ఆపొద్దన్నాడు. దాడికి వెళ్ళేముందు మనిషి ఏం ఆలోచిస్తాడని మీరడిగితే, ఆ 50 రూపాయలు చూపిస్తాను.

1915లో గాయపడిన సిపాయికి మహాభారతం గుర్తొచ్చింది. 1999లో మేజరుకు కూడా మహాభారతమే గుర్తొచ్చింది. మొదటివాడికి అది వినాశనం. రెండోవాడికి అది పాఠం. ఒకే కథ. మిగతాది మీరు ఆలోచించుకోండి.

ఇప్పుడు కొంచెం కోపం తెప్పించే సంగతి. జనవరి 26 వచ్చినా, జులై 26 వచ్చినా ఫోన్లో ఒక మెసేజ్ వస్తుంది. సైనికుడి ఆఖరి ఉత్తరం, చదివి కన్నీళ్ళు పెట్టుకోనివాడు మనిషే కాదు అంటూ. వస్తుందా లేదా? యూనిట్ ఉండదు, తేదీ ఉండదు, చోటు ఉండదు, తల్లి పేరు కూడా ఉండదు. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1950లో జర్మనీలో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం చిక్కుకుపోయిన స్టాలిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన ఆఖరి ఉత్తరాలంటూ 39 ఉత్తరాల పుస్తకం ఒకటి వచ్చింది. పేర్లు లేవు. ఎన్నో భాషల్లోకి వెళ్ళింది, లోకమంతా ఏడ్చింది. తర్వాత పరిశోధకులు చూసి అవి నమ్మదగ్గవి కావన్నారు. ఎలా అనుమానం వచ్చింది? మరీ బాగున్నాయి. ప్రతి ఉత్తరంలో యుద్ధం గురించి గొప్ప మాటలే. ఎద్దు లేదు, మనియార్డరు లేదు, చెల్లె పెండ్లి లేదు. నిజమైన ఉత్తరం ఇంత తీరుగా ఉండదు. దొంగ ఉత్తరాల వల్ల నష్టం ఏమిటంటే, అవి చూసిన కళ్ళకు మైసమ్మ యాట ఉత్తరం చప్పగా కనపడుతుంది.

నల్లగొండలో నిలబడి ఇంకొక మాట చెప్పకపోతే తప్పు. మన జిల్లా చూసిన పెద్ద యుద్ధం 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటం. దళాల్లో ఉన్నవాళ్ళు ఇంటికి ఉత్తరాలు రాశారా? అడవిలో పోస్టాఫీసు ఎక్కడిది? జేబులో ఉత్తరం దొరికితే ఇంటిల్లిపాదికీ చావే. కొరియరు నోటిమాట, లేదంటే చదివి చించేసే చీటీ. అందుకే ఆ పోరాటం మనకు తర్వాత చెప్పిన జ్ఞాపకాల్లోనే ఎక్కువగా మిగిలింది. జ్ఞాపకం వేరు, ఉత్తరం వేరు. జ్ఞాపకం చెప్పేవాడికి కథ చివర ఏమైందో తెలుసు. ఉత్తరం రాసేవాడికి రేపు ఏమవుతుందో తెలియదు. ఆ తెలియకపోవడమే ఉత్తరం విలువ. సర్కారు సైన్యానికి పోస్టు ఉంది, వాళ్ళ కాగితాలు మిగిలాయి. దళాలకు లేదు. చరిత్ర రాసేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

ఇక ఇప్పటి సంగతి. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడయ్యాడు. ఆ తరానికి ఉత్తరాలు లేవు, ఫోను ఉంది. సిగ్నల్ దొరికినప్పుడు రెండు నిమిషాలు మాట్లాడతారు. మాట్లాడటమే ఇంట్లోవాళ్ళకు కావాలి, దాన్ని తప్పుపట్టలేం. చరిత్రకారుడికి మాత్రం ఆ మాట దొరకదు. ఇంకో వందేళ్ళకు మా తర్వాతవాళ్ళు 1915 సిపాయి గురించి ఎక్కువ చెప్పగలరు, 2020 సిపాయి గురించి తక్కువ చెప్పగలరు.

చివరగా పని మాట. మీ ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో, సందుగల్లో ఇలాంటి ఉత్తరాలు ఉంటే ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెప్తాను. లామినేషన్ చేయించకండి. చాలామంది గౌరవంతో చేయిస్తారు, ఆ వేడికి, ప్లాస్టిక్‌కు కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయలేం. సెల్లో టేపు అంటించకండి, పదేళ్ళకు పసుపు మరక మిగులుతుంది. కవర్లు పారేయకండి. ఇది రెండుసార్లు చెప్తాను, కవర్లు పారేయకండి. లోపలి ఉత్తరంలో చోటు పేరు ఉండదు, రాయనివ్వరు. కవరు మీద పోస్టు ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉంటుంది. చిరునామాలో 56 ఏపీఓనా, 99 ఏపీఓనా (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అన్నది చూస్తే పడమటి వైపా, తూర్పు వైపా అన్నదైనా తెలుస్తుంది. రెడ్‌క్రాస్ గుర్తున్న కార్డు కనపడితే ఇంకా జాగ్రత్త, అది యుద్ధఖైదీ కార్డు కావచ్చు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీకి నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కు ఉంది. మనియార్డరు రసీదులు కూడా దాచండి. ఉత్తరం రాని నెలలో రసీదు వచ్చి ఉంటే మనిషి ఎక్కడున్నాడో అదే చెప్తుంది.

అక్కడెవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. అవునా? ఉత్తరాల్లో ఇంటి గొడవలు, అప్పులు, భూమి తగాదాలు ఉంటాయి కదా, బయటివాళ్ళకు ఎలా చూపిస్తాం అంటోంది. మంచి ప్రశ్న, అందరికీ ఉండే ఇబ్బందే. చూపించొద్దు తల్లీ. చూపించమని ఎవరూ బలవంతం చేయరు. మీరే కూర్చుని తేదీల వరసలో పేర్చి, ఒక నోటుబుక్కులో తేదీ, ముద్ర నంబరు, ఏ ఉత్తరం తర్వాత ఎన్ని రోజులు ఖాళీ ఉందో రాసుకోండి. ఆ నోటుబుక్కు మాకు చూపిస్తే చాలు. ఉత్తరాలు మీ ఇంట్లోనే ఉంటాయి. చదవడం రాని ఉర్దూ ఉత్తరాలు ఉంటే మాత్రం తీసుకురండి, నాతోపాటు ఉర్దూ బాగా వచ్చిన మిత్రుడు ఒకాయన ఇక్కడే ఉన్నాడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పక్క గదిలో కూర్చుంటాం.